మొదటి ఉకులేలే: శ్రుతి నిలిచేదే కొనండి

వాయిద్యాల మీద పాఠకుల ప్రశ్నలకు అనంతపురం నుంచి మా సంగీతం టీచరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గిటార్‌ను పోలిన నాలుగు తీగల చిన్న వాయిద్యం ఉకులేలే గురించే. వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్లలో చూసి ముచ్చటపడ్డారు, పెద్దవాళ్లు కొనిపెట్టారు, కొందరి ఇళ్లల్లో అది అప్పుడే బీరువా మీదికి ఎక్కింది. అలా బీరువా ఎక్కిన వాయిద్యం గురించి చదివితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలకు వయొలిన్, ఉకులేలే నేర్పుతూ, వాళ్లు తెచ్చే వాయిద్యాలను నా చేతులతో సరిచేస్తూ నేను గమనించింది ఒకటే. చాలామంది మానేసేది సంగీతం రాక కాదు, చేతిలో ఉన్నది శ్రుతిలో నిలవక. తప్పు వాయిద్యానిదైతే పిల్లలు తమదే అనుకుంటారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: మేడం, మా పాప ఏడో తరగతి. ఉగాది నుంచి ఉకులేలే కావాలని ఒకటే పోరు. ఆన్‌లైన్‌లో గులాబి రంగుది 1,200 రూపాయలకు ఉంది. బ్యాగు, బెల్టు, పిక్కులు అన్నీ దాంతోనే ఇస్తారట. మా బావమరిది మాత్రం ‘అది ఆటబొమ్మ, చిన్న గిటార్ తీసియ్యి’ అంటున్నాడు. 5,000 దాకా పెట్టగలను. సైజులేమో రకరకాలుగా కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? హైదరాబాదు పోయి కొనాలా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: అన్నా, గిటార్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. కానీ పాప అడిగింది ఉకులేలే. ఆ వయసు పిల్ల ఫలానా వాయిద్యమే కావాలని నెలల తరబడి అడుగుతోందంటే దాని మీద మనసు పడిందన్నమాట. అదే కొనివ్వండి. గిటార్‌కు ఆరు తీగలు, అవి స్టీలువైతే మొదట్లో వేళ్ల కొసలు కందిపోతాయి. ఉకులేలేకు నాలుగే తీగలు, నైలాన్‌వి, మెత్తగా ఉంటాయి. రేపు గిటార్‌కు మారాలనుకున్నా ఇక్కడ అలవాటైన వేళ్ల పట్టు, తాళం ఎక్కడికీ పోవు.

ఆ గులాబి రంగు దాన్ని మాత్రం వదిలేయండి. రంగుతో నాకు పేచీ లేదు. ఆ ధరలో వచ్చేవాటికి చాలావరకు తీగలు నాసివి, మెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) కొలత తప్పి ఉంటాయి, తీగ బిగించే కీలు పట్టు నిలుపవు. పిక్కు అసలు అక్కర్లేదు, ఉకులేలేను చూపుడు వేలి గోటితో మీటుతారు. అంటే దాంతోపాటు వచ్చే సామాన్లలో పనికొచ్చేది బ్యాగు ఒక్కటే. మీరు అనుకున్న 5,000లో నాలుగు వేల చుట్టుపక్కల వాయిద్యానికి పెట్టి, మిగిలిన దాంట్లో తలకు తగిలిస్తే శ్రుతి సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించే ఒక క్లిప్ ట్యూనరు, ఒక సెట్టు మంచి తీగలు కొనండి. ఇంకా మిగిలితే గిటార్లు బాగుచేసే మనిషి చేత ఒకసారి సరిచేయించడానికి ఉంచుకోండి. పై మెరుగు చూసి డబ్బంతా చెక్క మీదే పెట్టేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. నేర్చుకునే పిల్లకు ముందు కావాల్సింది ఆ చివరి మూడే.

సైజు సంగతి. సొప్రానో అన్నిటికంటే చిన్నది, మోగే తీగ పొడవు సుమారు 13 అంగుళాలు. కాన్సర్ట్‌కు 15, టెనర్‌కు 17. ఈ మూడింటికీ శ్రుతి ఒకటే, పాశ్చాత్య స్వరాల పేర్లతో చెబితే జి, సి, ఇ, ఎ. ఒకదాని మీద నేర్చుకున్నది రెండోదాని మీద అలాగే పలుకుతుంది. నాలుగోది బారిటోన్, దాని దారి వేరు. డి, జి, బి, ఇ అని గిటార్ కింది నాలుగు తీగల శ్రుతిలో ఉంటుంది. మామూలు ఉకులేలే పాఠాల్లో చూపించే కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు, దాని మీద వేరేగా మోగుతాయి. పెద్దదైతే బాగా మోగుతుందని తెలియక అది కొనకండి. ఒకటో రెండో తరగతి పిల్లలైతే సొప్రానో అనేదాన్ని. మీ పాపకు కాన్సర్ట్ సరిగ్గా సరిపోతుంది, వేళ్లకు కాస్త చోటుంటుంది, పెద్దయ్యాక కూడా మార్చాల్సిన పని లేదు.

చెక్క విషయంలో మన సీమకు తగ్గట్టు ఆలోచించాలి. ‘సాలిడ్ టాప్’ అని రాసి ఉంటే ముందు పలక ఒకే చెక్క అని అర్థం. నాదం నిజంగానే బాగుంటుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా బాగుంటుంది. కానీ అలాంటి చెక్కకు గాలిలో కొంత తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు వడగాలికి అది ఎండి బిగుసుకుంటుంది, ఒక్కోసారి పగులుతుంది. లామినేట్ అంటే పలుచని పొరలను అడ్డంగా నిలువుగా అతికించిన చెక్క, కాబట్టి అంత తొందరగా పగలదు. మొదటి వాయిద్యానికి మనకు లామినేటే క్షేమం. అమ్మేవాళ్లు దాన్ని తక్కువ చేసి మాట్లాడినా పట్టించుకోకండి.

హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. మీ ఊళ్లో గిటార్లు అమ్మే దుకాణంలో ఉంటే అక్కడే చేతిలోకి తీసుకుని చూడండి. ఆన్‌లైన్‌లో అయితే వాపసు తీసుకునే చోట కొని, వచ్చిన రోజే పరీక్షించండి. తల వైపు నుంచి ఒక కన్ను మూసి మెడ పొడవునా చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. మెట్ల అంచుల వెంట అరచేయి జార్చండి, ఎక్కడా గుచ్చుకోకూడదు. తీగల రెండో కొసలు కట్టి ఉండే, ముందు పలక మీది చెక్క ముక్కను బ్రిడ్జి అంటారు, దాని వెనక అంచు కింద కాగితం ముక్క దూరుతోందేమో చూడండి. దూరితే జిగురు ఊడుతున్నట్టు, అక్కడే పక్కన పెట్టేయండి. తర్వాత ఒక్కో తీగను మొదటి మెట్టు నుంచి పన్నెండో మెట్టు దాకా వరసగా నొక్కి మీటండి. ఎక్కడైనా జిర్రుమంటే, రెండు పక్కపక్క మెట్లు ఒకే స్వరం పలికితే, ఆ వాయిద్యం వద్దు. దుకాణదారు విసుక్కున్నా మానకండి. చివరగా ట్యూనరు పెట్టి ఖాళీ తీగ మీటండి, అదే తీగను పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. రెండుసార్లూ ఒకే అక్షరం, ముల్లు మధ్యలోనో దాని దగ్గర్లోనో ఉండాలి. ఈ ఒక్క పరీక్షలో నెగ్గిన నాలుగు వేల వాయిద్యం, తప్పిన పది వేల దానికంటే మేలు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఉకులేలే కొని వారమైంది. శ్రుతి చేసి పది నిమిషాలు వాయించేసరికి మళ్లీ మొత్తం దిగిపోతోంది. ఒక తీగ తెగింది కూడా. కంపెనీకి వాపసు పంపేయాలా? టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: తమ్ముడూ, పంపకు. చాలావరకు ఇది వాయిద్యం లోపం కాదు. నైలాన్ తీగ కొత్తలో సాగుతుంది. కొత్తగా అల్లిన నులక మంచం రోజూ వదులవుతుంటే మళ్లీ మళ్లీ బిగిస్తాం చూడు, అలాగే దీన్నీ సాగేదాకా సాగనిచ్చి బిగించుకోవాలి. కొన్ని రోజులు పడుతుంది. ఊరికే కూర్చుని ఎదురుచూడకుండా దాన్ని త్వరగా సాగదీసే పద్ధతి ఉంది. నాలుగు తీగలూ శ్రుతి చెయ్యి. ఇప్పుడు ఒక్కో తీగను పన్నెండో మెట్టు దగ్గర వేలితో పట్టుకుని పలక నుంచి పైకి, వేలెడు మందం, మెల్లగా లాగి వదులు. నాలుగైదు సార్లు చెయ్యి. శ్రుతి దిగి ఉంటుంది, మళ్లీ పెంచు, మళ్లీ లాగు. ఒక సాయంత్రంలో తేడా తెలుస్తుంది. గట్టిగా గుంజకు, నునుపుగా లాగితే చాలు.

శ్రుతి పెట్టేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి పైకే రా. ముల్లు కుడివైపు దాటిపోతే అక్కడి నుంచి కొంచెం తగ్గించి ఆపేయకు. బాగా కిందికి దించి, మళ్లీ బిగిస్తూ సరైన చోట ఆగు. పై నుంచి దించి ఆపిన తీగ కాసేపటికి ఇంకాస్త జారుతుంది.

నీ వాయిద్యం తల వెనక్కి తిప్పి చూడు. కీలు పక్కలకు పొడుచుకుని, గిటార్‌కు ఉన్నట్టు చిన్న పళ్ల చక్రాలు కనిపిస్తే అవి జారడం తక్కువ. అలా కాకుండా వయొలిన్ బిరడాల్లా నేరుగా వెనక్కి ఉంటే, ఒక్కోదాని చివర చిన్న మర ఉంటుంది. పట్టు నిలవకపోతే ఆ మరను చిన్న స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా బిగించు. కీ తిరగాలి, కానీ దానంతట అది వెనక్కి పోకూడదు.

ఇక తెగిన తీగ. నువ్వు రాయలేదు గానీ, అది పై తీగ, అంటే నీ గడ్డానికి దగ్గరగా ఉండే జి తీగ అని నా అనుమానం. పై నుంచి కిందికి జి, సి, ఇ, ఎ. గిటార్ చూసిన కళ్లకు పై తీగే మందంగా, మంద్రంగా ఉండాలనిపిస్తుంది. ఉకులేలేలో అది సన్నది, సి కంటే, ఇ కంటే హెచ్చు స్వరం. ట్యూనరు ‘జి’ అనే అక్షరం చూపిస్తుందే గానీ ఏ స్థాయి జి అన్నది చాలా ట్యూనర్లు చెప్పవు. కొందరు ఒక స్థాయి కిందికి దించేస్తారు, తీగ వేలాడిపోతుంది. కొందరు ఇంకో స్థాయికి ఎక్కించబోతారు, తెగిపోతుంది. చెవితో తేల్చుకోవడానికి సులువైన మార్గం ఇది. ముందు ఇ తీగను సరిచేసుకుని, దాన్ని మూడో మెట్టు మీద నొక్కి మీటు. జి ఖాళీ తీగ సరిగ్గా అదే స్వరం పలకాలి. అలాగే ఇ తీగ ఐదో మెట్టు ఎ తీగతో, సి తీగ నాలుగో మెట్టు ఇ తీగతో కలవాలి. ట్యూనరు పక్కన పెట్టి ఇది రోజూ చెయ్యి, చెవి తయారవుతుంది.

ట్యూనరులో ఎ స్వరం 440 హెర్ట్జ్ మీద ఉందో లేదో కూడా చూసుకో. బటన్ తగిలి 432కో 445కో మారిపోతే నీ ఒక్కడి వాయిద్యం నీకు బాగానే వినిపిస్తుంది, పక్కవాళ్లతో మాత్రం కలవదు.

ప్రశ్న: అక్కా, నేను ఇంట్లో కుట్టుమిషను పని చేసుకుంటూ తీరికలో ఉకులేలే నేర్చుకుంటున్నాను. సి కార్డ్ చక్కగా వస్తోంది. ఎ మైనర్ పరవాలేదు. ఎఫ్ పట్టుకుంటే మాత్రం ఏదో పుల్లగా, ఏడ్చినట్టు వినిపిస్తోంది. శ్రుతి చూసుకునే వాయిస్తున్నాను. వేళ్లు కూడా నొప్పి. మా ఆయన ‘నీకు చెవి లేదులే’ అన్నాడు. నిజంగా లేదేమో అనిపిస్తోంది.
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: చెల్లీ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను బాగా కదిలించింది మీదే. మీకు చెవి ఉంది. చెవి ఉండబట్టే సి బాగుందని, ఎ మైనర్ పరవాలేదని, ఎఫ్ తప్పని మూడు తేడాలూ పట్టుకున్నారు. మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి.

ఏం జరుగుతోందో చెబుతాను. సి కార్డ్‌లో నొక్కేది ఒక్క చోటే, ఎ తీగ మూడో మెట్టు. ఎ మైనర్‌లో జి తీగ రెండో మెట్టు. ఎఫ్‌లో దానికి తోడు ఇ తీగ మొదటి మెట్టు నొక్కుతారు. అంటే మీరు మూడో మెట్టు నుంచి మొదటి మెట్టు వైపు, తల దగ్గరికి వచ్చేకొద్దీ స్వరం చెడుతోంది. తల దగ్గర తీగలన్నీ ఆనుకుని దిగే తెల్లటి సన్న పట్టీ ఉంది కదా, దాన్ని నట్ అంటారు. అందులో తీగ కూర్చునే గాళ్లు తగినంత లోతు తీయకుండా ఫ్యాక్టరీ నుంచి వదిలేస్తారు, చవక వాటిలో మరీనూ. తీగ మొదటి మెట్టుకు ఎత్తుగా ఉంటుంది. దాన్ని కిందికి నొక్కడానికి మీరు ఎక్కువ బలం పెట్టాలి, ఆ బలానికి తీగ సాగి స్వరం హెచ్చుతుంది. మిగతా తీగలు సరిగ్గా ఉంటాయి, ఇది ఒక్కటి పైకి పోతుంది. ఆ పులుపు అదే, వేళ్ల నొప్పీ అదే.

మీరే తేల్చుకోండి. ట్యూనరు తగిలించి ఇ తీగను కచ్చితంగా మధ్యకు తెచ్చుకోండి. మొదటి మెట్టు మీద, మెట్టును ఆనుకుని తల వైపు, శబ్దం వచ్చేంత మాత్రమే నొక్కి మీటండి. ఎఫ్ అని చూపించి ముల్లు మధ్యలో ఉండాలి. కుడివైపు బాగా జరిగిపోతే నట్ ఎత్తుగా ఉన్నట్టే. ఇంకో పరీక్ష నేను ప్రతి కొత్త ఉకులేలేకూ చేసేది. తీగను రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య నొక్కి ఉంచి, మొదటి మెట్టు పైన తీగ కింద ఎంత సందు ఉందో చూస్తాను. ఆర్టీసీ బస్సు టికెట్టు ముక్క పలుచగా ఉంటుంది, అది ఇలా పెడితే అలా జారిపోవాలి, అంతకంటే ఎక్కువ సందు ఉండకూడదు. టేబుల్ లైటు వెనక నుంచి పడేలా పెట్టుకుంటే ఆ వెలుతురు గీత కనబడుతుంది. సూదిలో దారం ఎక్కించే మీ కళ్లకు ఇది కష్టం కాదు. టికెట్టు నాలుగు మడతలు పెట్టినా దూరిపోతోందంటే మీరు ఇన్నాళ్లూ ఎంత కష్టపడి నొక్కారో నాకు అర్థమవుతుంది.

బాగుచేయడం పెద్ద పని కాదు గానీ, సన్నటి ఆకురాయి కావాలి, ఓపిక కావాలి. గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ‘నట్ గాళ్లు దించండి’ అని అడగండి. రెండుసార్లు రాసి, తీగ పెట్టి, చూసి, మళ్లీ రాయాలి. ఒక్కసారే లోతు తీసేస్తే ఖాళీ తీగ మొదటి మెట్టుకు తగిలి జిర్రుమంటుంది, అప్పుడు నట్టే మార్చాలి. అందుకే మీరు ఇంట్లో ప్రయత్నించవద్దంటాను.

ఇంట్లో చేసుకోగలిగింది రెండో వైపుది. బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే తెల్ల పట్టీని శాడిల్ అంటారు. పన్నెండో మెట్టు దగ్గర పిల్లల స్కేలు నిలబెట్టి, మెట్టు పై నుంచి తీగ అడుగుకు ఎంత ఎత్తుందో కొలవండి. రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. నాలుగు దాటితే తీగలు వదులుచేసి శాడిల్‌ను పక్కకు జరిపి తీయండి, చాలా వాటికి జిగురు పెట్టరు. దాని అడుగు వైపును, పైది కాదు, చదునైన చోట ఉప్పుకాగితం పరిచి నిలువుగా రుద్దండి. పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. పెన్సిలుతో గీత గీసుకుని, దానికి కొంచెం ముందే ఆగండి. అరగదీసింది మళ్లీ రాదు.

ఈ రెండూ అయ్యాక ఎఫ్ పట్టుకుని ఎలా ఉందో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: తీగ తెగితే మా ఊళ్లో ఒక దుకాణంలో గిటార్ స్టీలు తీగలు వేసిచ్చారు. శబ్దం గట్టిగా వస్తోంది. ఉంచుకోవచ్చా?
— గుంతకల్లు

జవాబు: వద్దు. ఈ ఉత్తరం చదివిన రోజే వదులుచేసి తీసేయండి. ఉకులేలే ముందు పలక పలుచన, బ్రిడ్జి దాని మీద జిగురుతో నిలబడి ఉంటుంది, నైలాన్ తీగల లాగుడుకే లెక్కకట్టి చేస్తారు. స్టీలు తీగల బిగువుకు పలక ఉబ్బుతుంది, బ్రిడ్జి ఊడి వస్తుంది. నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ ఉకులేలే తీగలు, అదీ మీ సైజు పేరు రాసి ఉన్నవి వేయించుకోండి.

ప్రశ్న: కువైట్‌లో ఉండే మా చిన్నాయన మంచి సాలిడ్ చెక్క ఉకులేలే తెచ్చిచ్చాడు. చలికాలం బాగుంది. ఎండాకాలం మొదలయ్యాక మెట్ల అంచులు వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. మెట్లు బయటికి వస్తున్నాయా?
— ఒక యువకుడు, కడప జిల్లా

జవాబు: మెట్లు బయటికి రాలేదు బాబూ, చెక్క లోపలికి పోయింది. గాలిలో తేమ లేక వేళ్ల పలక కుంచించుకుంది, లోహం మాత్రం ఉన్నంతే ఉంది, అందుకే అంచులు పొడుచుకొచ్చాయి. చెక్క నీకు ముందుగా చేసిన హెచ్చరిక ఇది. ఇప్పుడు చూసుకోకపోతే తర్వాత పలక పగులుతుంది.

గోడకు తగిలించడం ఆపు, ముఖ్యంగా పడమటి గోడకు. బండల మిద్దె అయితే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆ గోడ సెగ కక్కుతూనే ఉంటుంది. గట్టి పెట్టెలో పెట్టి మూసి ఉంచు. చిల్లులున్న సబ్బుపెట్టెలో స్పాంజి ముక్క తడిపి, చుక్క కారకుండా పిండి, పెట్టెలో తల పక్కన ఉంచు. ఆరిపోగానే మళ్లీ తడుపు. చవకగా దొరికే తేమ మీటరు ఒకటి పెట్టెలో వేస్తే ఊహించుకునే పని ఉండదు, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్క సుఖంగా ఉంటుంది. కూలరు ముందు మాత్రం పెట్టకు, నేరుగా తడిగాలి తగలడమూ మంచిది కాదు. వానలు పడ్డాక స్పాంజి తీసేయి.

తేమ అందాక అంచులు కొంత లోపలికి పోతాయి. అప్పటికీ గుచ్చుకునేవి ఉంటేనే ఆకురాయి పెట్టించు, తొందరపడి ముందే రాయించకు. ఎండలో ఆపిన కారులో దీన్ని ఒక్క గంట కూడా వదలకు, ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు అయ్యవారిని. పద్యాలు రాగయుక్తంగా పాడే అలవాటుంది. హార్మోనియం మోయలేక మనవడి ఉకులేలే చేతిలోకి తీసుకున్నాను. వేళ్లు కాస్త బిగుసుకున్నాయి. ఈ వయసులో వస్తుందా? మన రాగాలు దీని మీద పలుకుతాయా? అసలు ఇది ఎక్కడిది?
— కడప

జవాబు: అయ్యవారూ, నమస్కారం. చివరి ప్రశ్న నుంచి వస్తాను. 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికి కొందరు ఓడలో హవాయి చేరారు. వాళ్లు వెంట తెచ్చుకున్న మషెట్ అనే చిన్న తీగ వాయిద్యమే దీనికి మూలం. ఆ ఓడలోనే వచ్చిన చెక్కపనివాళ్లు ముగ్గురు, మాన్యుయెల్ నూనెస్, అగస్తో దియాస్, జోజె దో ఎస్పిరితో సాంతో, అక్కడి కోవా అనే చెట్టు చెక్కతో వీటిని చేయడం మొదలుపెట్టారు. కలకౌవా రాజు ఆదరించడంతో అది హవాయి వాయిద్యమే అయిపోయింది. పరాయిదని సంకోచం వద్దు. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితుల వారి కాలంలో అదీ పరాయిదే. మీరు మోయలేకపోతున్న హార్మోనియం కూడా ఫ్రాన్సులో పుట్టిందే. మీ కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక సమాజం వంటివి దాన్ని మన పద్యానికి ఎంత దగ్గర చేశాయో మీకు నేను చెప్పాలా?

రాగం సంగతి. సి తీగను షడ్జమం అనుకోండి, అంటే ఒకటి శ్రుతి. అప్పుడు జి తీగ పంచమం, ఇ తీగ అంతర గాంధారం, ఎ తీగ చతుశ్రుతి ధైవతం. వేలు పెట్టకముందే నాలుగు తీగలూ మోహన రాగంలో ఉన్నాయి. ఇప్పుడు ఆరోహణ చూడండి. సి ఖాళీ తీగ స, అదే తీగ రెండో మెట్టు రి, ఇ ఖాళీ తీగ గ, పైనున్న జి ఖాళీ తీగ ప, ఎ ఖాళీ తీగ ద, ఎ తీగ మూడో మెట్టు పై స. మొత్తం ఆరోహణలో వేలు పడేది రెండే చోట్ల. బిగుసుకున్న వేళ్లకు ఇంతకంటే సులువైన మొదలు నాకు తెలియదు. ధైవతం బదులు ఎ తీగ రెండో మెట్టు నొక్కితే నిషాదం వస్తుంది, అది హంసధ్వని. మధ్యమం కావాలంటే ఇ తీగ మొదటి మెట్టు. దాంతో శంకరాభరణం పూర్తవుతుంది.

గమకం మాత్రం వీణలో వచ్చినట్టు రాదు. నైలాన్ తీగను పక్కకు లాగినా స్వరం పెద్దగా కదలదు. దానికి బాధపడకండి. గమకం మీ గొంతులో ఉంది, దాని కింద ఆధారంగా నిలబడటానికి ఇది చాలు. పద్యానికి ముందు స, ప తీగలు రెండూ మెల్లగా మీటి, రాగం తీసి, పాదం చివర మళ్లీ మీటండి. మీ గొంతు రెండు శ్రుతిలో హాయిగా ఉంటే నాలుగు తీగలనూ సమానంగా ఒక్కో పూర్తి స్వరం పెంచుకోవచ్చు, అంతకు మించి వద్దు.

వయసు గురించి అడిగారు. నా దగ్గర నేర్చుకునే పెద్దవాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. పొద్దున వేళ్లు గోరువెచ్చని నీళ్లలో ముంచి, తుడుచుకుని కూర్చోండి, ఎడమచేతి గోళ్లు పొట్టిగా ఉంచుకోండి, నొప్పి మొదలైతే ఆపేసి సాయంత్రం మళ్లీ పట్టుకోండి. మనవడి వాయిద్యం సొప్రానో అయితే మెట్లు మీ వేళ్లకు ఇరుకు. టెనర్ సైజు ఒకసారి పట్టుకుని చూసి కొనుక్కోండి. దానికి ‘లో జి’ అనే మందపు తీగ వేయించుకుంటే పంచమం ఒక స్థాయి కిందికి దిగి, మంద్రంలో పాడేటప్పుడు అండగా ఉంటుంది. ఆ తీగ వేశాక మోహనంలో పంచమం కోసం మాత్రం జి తీగ కాకుండా ఇ తీగ మూడో మెట్టు వాడండి.